ఒఫేలియా వెనక గది

మోంటెవిడియో,
2019 మే 6

ప్రియమైన డార్డో,

ఫోన్ చేస్తే రెండుసార్లు దగ్గి పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. నా ఒంట్లో బానే ఉంది, కీళ్ళు తప్ప.

మాలాంటివాళ్ళ కోసం పోయినేడు వచ్చిన చట్టం సంగతి నీకు తెలిసే ఉంటుంది. మిలిటరీ రోజుల్లో, మగపిల్లాడిగా పుట్టి గౌను వేసుకున్న పాపానికి మమ్మల్ని లోపలేసి కొట్టినందుకు సర్కారు తప్పు ఒప్పుకుంటుందట. నెలకింతని ఇస్తారు కూడా. అదలా ఉంచు. ‘తప్పు మాది’ అని వాళ్ళు సంతకం పెట్టిన కాగితం కళ్ళారా చూసి పోవాలని ఉందిరా నాకు.

దానికి సాక్షి కావాలి. స్టేషన్ పుస్తకంలో నా పేరు రాయనే లేదు, వెధవలు. 77 కార్నివాల్ పండక్కి నేను మన ఊరొచ్చినప్పుడు పదిహేడు రోజులు లాకప్‌లో ఉన్నానని చెప్పగలిగినవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకతె ఒఫేలియా. తన ఇంటి వెనక గదిలో చోటిచ్చినట్టే ఇచ్చి పోలీసులకు చెప్పిన మహాతల్లి. నేనక్కడ దిగానని దానికీ నీకూ తప్ప ఇంకో పురుగుకి తెలియదు కదా! చచ్చినా దాని గడప తొక్కను. రెండోవాడివి నువ్వు.

నువ్వెందుకు జంకుతావో నాకు తెలుసు. స్టేషన్‌లో నా తల గొరిగింది నువ్వేనని చెప్పాల్సొస్తుంది. చెప్పెయ్. మంగలివని పోలీసులు పిలిపించి చేతికి మిషన్ ఇస్తే ఇరవై ఏళ్ళ కుర్రాడివి, ఏం చేస్తావు? ఏడుస్తూనే గొరిగావు. నేను ఆ రోజే క్షమించేశాను.

వెంటనే జవాబు రాయి.

నీ అక్క,
జుల్మా

*

శాన్ బెనితో,
మే 29

ప్రియమైన నీకు,

ఉత్తరం అందింది. ఇక్కడ ఒకటే వాన. షాపు పైకప్పు కారుతోంది. మోకాలి నొప్పి వల్ల మధ్యాహ్నం దాకానే తెరుస్తున్నాను.

నువ్వడిగిన దాని గురించి ఆలోచించాను. అంత పాత సంగతులు నాకు సరిగ్గా గుర్తు లేవు. ఏదైనా తప్పు చెప్తే నీకే ఇబ్బంది. ఒఫేలియాని ఒకసారి అడగకూడదూ? ఆమె జ్ఞాపకం గట్టిది.

షాపుకొచ్చేవాళ్ళు ఆ చట్టం రద్దవ్వాలని గోల పెడుతున్నారు. నేను కత్తెర ఆడిస్తూ ఊరుకుంటాను. ఆరోగ్యం జాగ్రత్త.

డార్డో

*

మోంటెవిడియో,
జూన్ 11

ఒరేయ్ డార్డో,

‘ప్రియమైన నీకు’ ఏమిట్రా? నీకు అంటే ఎవరికి, పాలవాడికా? అన్నయ్యా అనడం మానేసి ముప్పై ఏళ్ళయింది, అక్కా అని రాస్తే కలం విరిగిపోతుందా?

పైగా ఒఫేలియాని అడగమంటావా! అమ్మ పోయిన రోజు అది పువ్వులు పట్టుకుని గుమ్మంలోకొస్తే, లాక్కుని వీధిలోకి విసిరేశాను. ఊరంతా చూసింది. నువ్వు నా పక్కనే నిలబడ్డావు. అదీ గుర్తు లేదా?

గుర్తు లేదట! పదిహేడు రోజులు నాకు గుర్తున్నాయి, గంటలతో సహా. నేను బతికింది అబద్ధం కాదని చెప్పడానికి నువ్వొక్కడివే ఉన్నావురా. బతిమాలించుకోకు. జూలై నెలాఖరుతో గడువు అయిపోతుంది.

జుల్మా

*

శాన్ బెనితో,
జూలై 18

ప్రియమైన అక్కా,

ఇది పూర్తిగా చదువు. మధ్యలో చించెయ్యకు.

ఆ కార్నివాల్‌కి నువ్వొచ్చిన రెండో రోజు షాపు నిండా మనుషులు. నాన్న పోయి నెలే అయింది, గిరాకీ నిలబెట్టుకోవాలని నా తాపత్రయం. పోలీస్ స్టేషన్ హెడ్డు కుర్చీలో కూర్చుని ఉన్నాడు, మొహం నిండా నురగ. ఎవడో అన్నాడు, “ఏం డార్డో, మీ అన్న ఈసారి ఏ రంగు గౌను కుట్టించుకొచ్చాడు?” అందరూ నవ్వారు. నేనూ నవ్వానక్కా. హెడ్డు మెల్లగా, “ఎక్కడ దిగాడో చెప్పు, ఒక పూట కూర్చోబెట్టి బస్సెక్కిస్తాం, నీకీ తలనొప్పి పోతుంది” అన్నాడు. “ఒఫేలియా వెనక గది” అన్నాను. అంతే. ఒక పూట అనుకున్నాను, ఒట్టు.

తర్వాత నన్నే పిలిపించి మిషన్ చేతికిచ్చారు. అప్పుడు నేనేడ్చింది నీ జుట్టు కోసం కాదు.

పోయిన వారం ఒఫేలియా ఇంటికెళ్ళి చెప్పాను. గిన్నెలు తోముతోంది, తలెత్తలేదు.

“నాకు తెలుసు” అంది. “హెడ్డు పెళ్ళాం ఆ వారమే చెప్పింది.”

“మరి అక్కకెందుకు చెప్పలేదు నువ్వు?”

“మీ అమ్మ ఎలాగూ తలుపేసింది. ఉత్తరం రాసుకోవడానికి ఒక్క మనిషన్నా ఉండాలి కదా దానికి! అయినా నువ్వే చెప్తావనుకున్నాన్లే, ఇవాళో రేపో.”

నాకు నేల చీలి అందులో పడిపోతే బాగుండుననిపించింది.

మొన్న మోంటెవిడియో వచ్చి సాక్ష్యం ఇచ్చాను. నువ్వక్కడున్నట్టు పోలీసులకెలా తెలిసిందని రాసుకునే అమ్మాయి అడిగింది. నేనే చెప్పానన్నాను. ఆ పిల్ల ఆగిపోయి, “రాయమంటారా?” అంది. రాయమన్నాను. నీ వీధి మలుపు దాకా వచ్చాను. అక్కణ్ణుంచి కాళ్ళు రాలేదు.

నీ తమ్ముడినని రాసుకునే మొహం లేని,
డార్డో

*

మోంటెవిడియో,
సెప్టెంబరు 20

డార్డో,

‘ప్రియమైన’ అని రాయడానికి చెయ్యి రాలేదు. రెండు నెలల్లో నీకు నాలుగు ఉత్తరాలు రాసి చించేశాను. అన్నీ తిట్లే.

నిన్న కాగితం వచ్చింది. నా పేరు, పదిహేడు రోజులు, సర్కారు సంతకం, అన్నీ ఉన్నాయి. చేతికొస్తే గంతులేస్తాననుకున్నాను. వంటింట్లో కూలబడి ఏడ్చాను. నీ సాక్ష్యం కూడా జత చేశారు. పొల్లు పోకుండా చెప్పావు, కాదనను. నీ నోటి వల్లే వచ్చింది నాకీ కాగితం.

ఇరవై ఏళ్ళవాడు నలుగురి నవ్వుకి భయపడి నోరు జారితే క్షమించేదాన్ని. అమ్మ శవం దగ్గర నేను ఆ పువ్వులు విసిరేస్తుంటే, ఇరవై తొమ్మిదేళ్ళవాడివి, పక్కన నిలబడి చూశావు చూడు, అదే నా వల్ల కావడం లేదు.

అయినా సిగ్గు నీ ఒక్కడి సొత్తు కాదు. నలభై రెండేళ్ళలో ఒక్కసారైనా ఒఫేలియాని ‘నువ్వేనా?’ అని అడిగానా? ఊరు మొత్తం కాదన్న రోజున నాకు పక్క వేసిన మనిషిని అనుమానించాను. తోడబుట్టినవాడు అలా చెయ్యడనుకున్నాను. నన్ను కూడా జనం ఇలాగే, అడగకుండానే తేల్చేశారని గుర్తు రాలేదు.

మంగళవారం బస్సెక్కుతున్నాను, ఒఫేలియా దగ్గరికి. ఏమనాలో తెలియదు. తలుపు తీస్తుందో లేదో కూడా తెలియదు.

నువ్వు బస్‌స్టాండ్‌కి రాకు. దిగగానే నేను చూడాల్సిన మొదటి మొహం నీది కాదు.

జుల్మా