నలభై ఒకటో నంబరు పెట్టె

రేవుపేట, జూన్ 3

గౌరవనీయులైన చంద్రి గారికి,

మాది చిన్న ఓడల మ్యూజియం. రేవు కూలీలమే పాత తాళ్ల గోదాములో పెట్టుకున్నాం. ఒక లంగరు, మూడు దిక్సూచులు, పడవల మీద పనిచేసినవాళ్ల ఇనుప పెట్టెలు ఆరు ఉన్నాయి. వాటిలో నలభై ఒకటో నంబరు వేసి ఉన్న పెట్టె తుప్పు గీకితే మొన్న మీ పేరు, తండా చిరునామా కనిపించాయి. మీవారు వాల్యా గారి పెట్టె తొమ్మిదేళ్లుగా మా దగ్గరే ఉంది. ఆయన ఎలాంటివారో రెండు మాటలు పంపితే పక్కన గోడమీద రాయిస్తాం.

విధేయుడు,
మైలపల్లి నూకరాజు

పెద్దవంగర, జూన్ 14

నూకరాజన్నకు చంద్రి దండం పెట్టి రాసేది,

గిట్ల రాయించుండ్రి: "భూపాలపల్లి బొగ్గుబావిల పని చూసుకుంటనని పోయి, ఇంకోదాన్ని తగులుకొని, పెండ్లాం బిడ్డను మరిచిన మోసగాడు." తండల అందరికీ ఎరుకే.

ఇట్లు,
చంద్రి

తా.క.: ఆమె గూడ ఆడనే ఉన్నదా?

రేవుపేట, జూలై 1

చంద్రి గారికి నమస్కారాలు.

మీ మాటలు అక్షరం మార్చకుండా నీలిరంగుతో రాయించాం. బడిపిల్లలు లంగరును వదిలేసి అదే గట్టిగా చదువుతున్నారు.

మీ నూకరాజు

తా.క.: ఆమె ఉంది. పెట్టె మూత లోపల ఫొటో అంటించి ఉంది. ముఖం మాడ్చుకుని ఉంది.

పెద్దవంగర, జూలై 12

అన్నా,

మాడ్చుకున్నదా? మంచిగయింది. నేనేం పరేషాన్ల లేనని ఆయనకు చెప్పుండ్రి. బిడ్డ అఖిల మానుకోట దవాఖానల నర్సయిందని గూడ చెప్పుండ్రి. ఆ ఫొటో జర పంపుండ్రి. నా మొగణ్ణి గుంజుకున్న మొఖం ఒక్కసారి చూస్త.

చంద్రి

తా.క.: ఆయనకు మోకాళ్ల నొప్పులు. ఆమెకు ఎరుకనో లేదో.

రేవుపేట, జూలై 20

అమ్మా,

పడవ యజమాని నుంచి మీకు అప్పుడే కబురు అందిందనుకున్నాను. నన్ను క్షమించండి. తొమ్మిదేళ్ల కిందటి తుఫానులో వాల్యా ఎక్కిన చేపల పడవ తిరిగి రాలేదు. అందులో ఆయన వంటవాడు. పనిలో చేరి పదకొండు రోజులే. ఎవరూ దొరకలేదు. భూపాలపల్లిలో పని దొరకలేదని, ఆ మాట ఇంట్లో చెప్పలేక ఇటు వచ్చానని తోటివాళ్లతో అన్నాడట. గోడమీది రాతకు నేనే సున్నం కొట్టాను. ఫొటో పంపుతున్నాను.

నూకరాజు

పెద్దవంగర, జూలై 29

అన్నా,

ఫొటో ముట్టింది. అది నేనే. పెండ్లయిన ఏడు మానుకోట స్టూడియోల దిగినం. ఆ పొద్దు పంటినొప్పి, నవ్వలే. పక్కన ఆయన బొమ్మ కత్తిరించిన కాడ నా భుజం మీద ఆయన చెయ్యి ఇంక కనవడ్తనే ఉన్నది.

ఇన్నేండ్లు ఏ ఆడదాన్ని తిట్టిన్నో నాకే తెల్వది. ఆయన పోయినందుకు ఒక్క పూట గూడ ఏడ్వలే.

శుక్రవారం డోర్నకల్ల రైలెక్కి నేను, అఖిల వస్తున్నం.

చంద్రి

తా.క.: పెట్టెల అంగీలుంటే మీరు ఉతకకుండ్రి.