భండారు నీళ్లు

కరీంనగర్, మంగళవారం

అవ్వకు ఓదెలు దండాలు. ఫోన్లో నీకు వినబడదు. తమ్ముడికి చెబితే నువ్వు భయపడతావని సగం దాస్తాడు. అందుకే కార్డు రాస్తున్నాను, మనవరాలితో చదివించుకో.

పిత్తాశయంలో రాళ్ల ఆపరేషన్ నిన్న కాలేదు. పొద్దున మంచినీళ్లు కూడా ముట్టవద్దన్నారు. నువ్వు పంపిన మల్లన్న భండారు పసుపును చెంబెడు నీళ్లలో కలిపి తాగాను. దేవుడిది ఆ లెక్కలోకి రాదనుకున్నాను. బల్ల మీద పడుకోబెట్టాక సిస్టరమ్మ నా నోరు చూసింది.

"ఏందయ్యా, నాలిక గింత పచ్చగున్నది? ఏం తాగినవ్?"

"ఏం తాగలే అమ్మా, మల్లన్న భండారే."

"మల్లన్న సల్లగుండ! మత్తుల కక్కితే ఊపిరాడదు. అప్పుడు నీ పానం ఎవలు తెస్తరు?"

వెంటనే దింపేశారు. మళ్లీ వచ్చే వారమేనట. ఈలోపు రాయి జారి గొట్టంలో అడ్డం పడితే కామెర్లు వస్తాయని, ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు చెప్పాడు. నాలుగు ముద్దలు తింటే చాలు, కుడి డొక్కలో మొదలై వీపు దాకా మెలిపెడుతోంది. నీ కోడలు నా మొహం చూస్తూ కూర్చుంటోంది.

గొర్రెలకు నట్టల మందు తాగించారా? కుంటే పొట్టేలును మందలో కలపవద్దని తమ్ముడికి చెప్పు. ఇక భండారు పంపకు, నా పేరు మీద ఇంట్లో దేవుడి దగ్గరే పెట్టు. తాగింది నేను, నువ్వు మనసులో పెట్టుకోకు.

నాలిక మీది పసుపు పోయింది. లేవగానే అద్దంలో కళ్లు చూసుకుంటున్నాను. ఇవాళ్టికి తెల్లగానే ఉన్నాయి. పిల్లలకు దీవెనలు.

ఓదెలు