అల కడుపులో ఆకుపచ్చ

ప్రియమైన పిడుగుకి,

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, టైల్స్ మేస్త్రీ అయిన నీ మేనమామ ఈ ఉదయం టీలో రెండు బిస్కెట్లను పోగొట్టుకున్నాడు. వాటి ఆత్మశాంతికి నిమిషం మౌనం పాటించాకే నీ సముద్రం బొమ్మ విప్పాడు.

నువ్వు కంప్యూటర్లో గళ్లు నింపుతావు, నేను గోడ మీద పేరుస్తాను. మనలో మనకి మొహమాటమేంటి? పది అడుగులు వెనక్కెళ్లి, కళ్లు సగం మూసి చూశాను. అలలన్నీ దువ్వెన పళ్లలా ఒకే కొలత! సూర్యుణ్ణి కుడివైపు పెట్టి నీడ కూడా కుడివైపే పోశావేమే? పైగా నల్లరంగు! అది సముద్రమా, డ్రైనేజీయా? ఓడ వంటగదిలో రెండేళ్లు గిన్నెలు తోమినవాణ్ణి, చెబుతున్నా విను. విరగబోయే అల కడుపులో వెలుతురు దూరి ఆకుపచ్చగా ఉంటుంది.

నీ మంచి కోరే నోటిదురుసు మామయ్య

ప్రియమైన మామయ్యా,

డ్రైనేజీ అన్నందుకు ఒక పూటంతా అలిగాను. తర్వాత మళ్లీ కూర్చున్నా. శుక్రవారం ఈ బొమ్మ ఉద్యోగం కోసం ఒక కంప్యూటర్ ఆటల కంపెనీకి పంపాలి. వాళ్లు కాదంటే బొమ్మలు మానేసి జిరాక్స్ షాపులో చేరతానని అమ్మకి మాటిచ్చేశా.

రంగులు తీసేసి ముందు ఒట్టి ఆకారాలు దిద్దాను. ఒక అల వంగింది, ఒకటి చాపలా సాగింది. నీడ ఎడమకి మార్చాను. ఆకుపచ్చకే చెయ్యి రావట్లేదు. నిజంగా చూశావా? ఒట్టేసి చెప్పు.

అలక తీరని పిడుగు

పిడుగూ,

ఒట్టు. ఆ ఆకుపచ్చని ఈ రెండు కళ్లతో చూశాను. పెట్టు.

మామయ్య

ప్రియాతిప్రియమైన మామయ్యా,

ఉద్యోగం ఇచ్చారు! ఆకుపచ్చ గళ్లు పదకొండే పెట్టాను. చూపు అక్కడే ఆగిపోయిందన్నారు. బొమ్మని నిలువెత్తు అచ్చు వేయించి పంపుతున్నా. వేసవిలో మనిద్దరం సముద్రానికి వెళ్దాం. నీ ఓడ ఎక్కడ ఆగేదో చూపించాలి.

నీ పిడుగు

ప్రియమైన తల్లీ,

బొమ్మ అందింది. నేను పనిచేస్తున్న ఇంటి స్నానాలగదిలో, ఇంకా టైల్స్ వేయని గోడకి ఆనించాను. పది అడుగులు వెనక్కెళ్లి కళ్లు సగం మూశాను. గళ్లు మాయమయ్యాయి. నీళ్లు లేచాయి. తడుస్తానని నా కాలు దానంతటదే వెనక్కి జరిగిందే! ముప్ఫై ఏళ్లుగా పేరుస్తున్నాను, నా గళ్లలో ఒక్కటీ ఇలా కదల్లేదు. తాపీ చేతిలోనే ఉండిపోయింది. సాయంత్రం ఇంటికెళ్లి టీలో బిస్కెట్ ముంచడం కూడా మర్చిపోయానంటే చూసుకో. మీ అత్తయ్య డాక్టరుకి ఫోన్ చేయబోయింది.

వేసవికి తప్పకుండా వస్తాను. ఓడ ఆగే చోటు మాత్రం చూపించలేను. నీ బొమ్మ మొదటిసారి వచ్చిన రోజే, మిగిలిపోయిన గాజు టైల్ ఒకటి కిటికీకి అడ్డం పెట్టి చూశాను. నేను చూసిన ఆకుపచ్చ అందులోది, కాబట్టి ఒట్టు తప్పలేదు. ఓడా లేదు, వంటగదీ లేదు. సముద్రాన్ని నేను చూడ్డం ఇదే మొదటిసారి.

నీ మామయ్య