పేర్లన్నీ చిన్నవైపోయిన వారం

భివండి, మంగళవారం

బిడ్డ నీలిమను నీ పెద్దబాపు కోదండరామయ్య కంగారులోనే ఆశీర్వదించి రాస్తున్నది.

ఫోన్ మోగి మోగి వేడెక్కితే ఆపేశాను. అందుకే ఈ ఉత్తరం రిక్షా కొమురయ్యతో మాన్కోలిలోని నీ గోదాం ఆఫీసుకు పంపుతున్నాను. కంప్యూటర్‌లో మన పెళ్లిసంబంధాల జాబితాను ఏం చేశావమ్మా? సోమవారం అచ్చువేసి ఇంటింటికీ పంచాక చూస్తే, ఇంగ్లీషులో రాసిన పేర్లన్నీ చిన్న అక్షరాల్లో ఉన్నాయి! గైబీ నగర్‌లో మగ్గాలు నడిపే సదానందం కొడుకు హరీశ్‌కు ఈ ఆదివారం తాంబూలాలు. పొద్దున్నుంచి నలుగురు ఆడపిల్లల తండ్రులు వాళ్లింటికి వెళ్లారు. "గిదేంది రామయ్యా, నా కొడుకును మల్ల బజార్ల వెట్టినవా?" అని సదానందం అరుస్తున్నాడు. ఈ సంబంధం తప్పితే నేను ఎవరికీ ముఖం చూపలేను.

ఇట్లు, నిద్రలేని పెద్దబాపు.

తా.క. జాబితాలో మీ కాత్యాయని పెద్దమ్మది ఒకటో నంబరు. నేను కుదిర్చిన మొదటి సంబంధం నాతోనే కదా. ఆమె కోసం రెండు కబుర్లొచ్చాయి. ఆమె ఇంకా వద్దనలేదు.

మాన్కోలి, మంగళవారం మధ్యాహ్నం

పెద్దబాపుకు నీలిమ భయంతో నమస్కరించి,

కొన్ని పేర్లు పెద్ద అక్షరాల్లో, కొన్ని చిన్నవాటిలో ఉంటే మీ వేలు తప్పు మీట మీద పడిందనుకున్నాను. ఆదివారం డేటాబేస్‌కు ఒక్క వరుస ఆదేశమిచ్చాను. నాలుగు వందల పన్నెండు పేర్లూ క్షణంలో చిన్నవైపోయాయి. పెద్ద అక్షరాలకు ఏదో అర్థముందని నాకెవరు చెప్పారు? ఏం చేయమంటారు?

మీ నీలిమ.

తా.క. కొమురయ్య మామ తన పేరు కూడా ఎక్కించమంటున్నాడు.

భివండి, బుధవారం

బిడ్డా, ఇది ఆశీర్వాదం కాదు, మొర.

సంబంధం ఖాయమైతే పేరు పెద్దగా రాయడం నా నోటుబుక్కుల కాలం నాటి పద్ధతి. నీకు తప్ప భివండిలో మనవాళ్లందరికీ తెలుసు. నిన్న కొమురయ్యతో "మల్ల పెద్దగ చెయ్యమను" అని చెప్పి పంపితే, నువ్వు మొత్తం పేర్లు పెద్దవి చేశావు! చూసుకోకుండా అచ్చువేసి దుకాణం తలుపుకు అంటించాను. ఇప్పుడు ఊళ్లో పెళ్లి కుదరనివాళ్లే లేరు. చంద్రవ్వ వచ్చి, "నా బిడ్డకు కుదిరిందట గద, అల్లుడేడి?" అని గల్లాపెట్టె ముందు కూర్చుంది. పాత నకలుంటే పెట్టమ్మా. హరీశ్‌కు అనుకున్న పిల్ల తరఫువాళ్లు మనవాళ్లే, వాళ్ల ముందు తల దించుకోలేను.

ఇట్లు, చంద్రవ్వకు భయపడి వెనక గదిలోంచి, పెద్దబాపు.

తా.క. మీ పెద్దమ్మ పేరు మళ్లీ పెద్దదయింది. ఆమె అంత సంతోషించలేదు.

మాన్కోలి, గురువారం

పెద్దబాపుకు నమస్కారాలు.

శనివారం తీసిన నకలు దొరికింది. ఎవరి పేరు వారికి మునుపటిలా వచ్చింది. సరిచూద్దామని మొదటినుంచి చదివాను. రెండు వందల ఏడో పేరు నాదే, పెద్ద అక్షరాల్లో. ఎదురుగా హరీశ్ పేరు. మార్చిన తేదీ గత శుక్రవారం. ఆదివారం తాంబూలాలు నాకా? బాపుకు ఫోన్ చేస్తే, "చెప్దామనే అనుకున్నం బిడ్డా" అన్నాడు. చాలాసేపు ఏడ్చాను. అందరి పేర్లూ ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. నా పేరు మాత్రం చిన్నది చేశాను. ఈసారి తెలిసే చేశాను.

మీ నీలిమ.

తా.క. హరీశ్‌కు ఫోన్ చేశాను. నేను ఒప్పుకున్నానని అతనికి చెప్పారట. కాదని తెలియగానే తన పేరు కూడా చిన్నది చేయమన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. సాయంత్రం వరాలా తలావ్ చెరువుగట్టున కలుస్తున్నాం. అంతవరకు దయచేసి ఏమీ అచ్చువేయకండి.