బీరువాలో మైనం

ఆర్.కె. పురం, 16-1-95

డాక్టర్ అరుంధతి గారికి,

సెక్షన్ ఆఫీసరు కేశవరావు నమస్కారాలు. మా అమ్మాయి శరణ్య పళ్ళకి మీరు మార్చిన కొత్త తీగ నాలుగో రోజుకే కొస బయటపెట్టి బుగ్గలో గుచ్చుతోంది. పిల్ల ముద్ద మింగలేక ఏడుస్తోంది. తెలుగు డాక్టరు కదా అని రెండు బస్సులు మారి జనక్‌పురి దాకా వచ్చినందుకు ఇదా ఫలితం? ఉగాదికల్లా తీగలు తీసేస్తానన్నారు. ఆ మాట మీదే మా అసోసియేషన్ ఉగాది నాటకంలో యువరాణి వేషానికి ఒప్పుకుంది. తీగలుంటే స్టేజీ ఎక్కదట. రాజు వేషం నాది. యువరాణి లేకుండా నేనెవరికి రాజుని?

జవాబు రాతపూర్వకంగా ఇవ్వండి. ఫోన్లో మాటకి రికార్డుండదు.

భవదీయుడు,
కేశవరావు

తా.క.: పై క్వార్టర్ శర్మాజీ దగ్గర కటింగ్ ప్లయర్ ఉంది. అడిగితే ‘ఠీక్ హై’ అన్నాడు. తెమ్మంటారా?

జనక్‌పురి, 18-1-95

కేశవరావు గారికి నమస్కారం.

ప్లయర్ శర్మాజీ దగ్గరే ఉండనివ్వండి. పెన్సిల్ వెనక రబ్బరుని శుభ్రంగా కడిగి, దానితో తీగ కొసని పంటివైపు మెల్లగా నొక్కండి. తడి తుడిచి, నేనిచ్చిన డబ్బీలోంచి శనగగింజంత మైనం తీసి అద్దండి. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే పుండు మానుతుంది. రెండు రోజుల్లో తగ్గకపోతే తీసుకురండి. ఇదంతా ఆ రోజే చెప్పాను. అసలు ఆ మైనం ఏమైంది?

అరుంధతి

తా.క.: గట్టివి కొరకనివ్వకండి. పంటికి అతికించిన బిళ్ళ ఊడిందో, ఉగాది మాట మరిచిపోండి.

ఆర్.కె. పురం, 21-1-95

డాక్టర్ గారికి,

నొక్కాం, అద్దాం, తగ్గింది. ఒప్పుకుంటున్నాను. కానీ ‘మైనం ఏమైంది’ అని అడగడం నాకు కష్టం కలిగించింది. నేను వస్తువులు పారేసుకునే మనిషిని కాను. డబ్బీ బీరువాలో ఉంది, తాళంచెవి నా మొలతాడుకి ఉంది. అమ్మాయి దరఖాస్తు పెడితే పరిశీలించి ఇస్తాను. ఆ రోజు గుచ్చుకున్నది పొద్దున పదకొండుకి. నేను ఆఫీసు నుంచి వచ్చింది ఆరున్నరకి. నా తప్పేమిటి?

కేశవరావు

తా.క.: ‘నాన్నా, బహుత్ దర్ద్ హో రహా హై’ అని రాసిచ్చింది. ‘చాలా నొప్పిగా ఉంది’ అని తెలుగులో రాయమని తిప్పి పంపాను.

జనక్‌పురి, 24-1-95

కేశవరావు గారూ,

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి తండ్రిని చూడలేదు! మైనం ఎప్పుడూ పిల్ల చేతికి అందాలి. ఇదిగో, రాతపూర్వకంగానే చెబుతున్నాను.

అరుంధతి

ఆర్.కె. పురం, 6-2-95

డాక్టర్ గారికి,

మీ ఆజ్ఞ ప్రకారం తాళంచెవి అమ్మాయికి అప్పగించాను. డబ్బీ మాత్రం కదల్చలేదు, వస్తువు చోటు మారితే వ్యవస్థ పాడవుతుంది. వారం తిరక్కుండా రెండు బిళ్ళలు ఊడాయి! మీ జిగురు నాసిరకం. ఇంట్లో పిల్ల తినేది ఇడ్లీ, పెరుగన్నం, కిచిడీ. గట్టివంటే మా అక్కయ్య తెనాలి నుంచి పంపిన చేగోడీలు. అవి నావి, బీరువాలో తాళం వేసి పెట్టుకున్నాను. దీనికేమంటారు?

కేశవరావు

తా.క.: ఒక బిళ్ళ దొరకలేదు. వెతుకుతున్నాం.

జనక్‌పురి, 9-2-95

కేశవరావు గారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మైనం ఏ బీరువాలో ఉంది? చేగోడీలు ఏ బీరువాలో ఉన్నాయి?

బిళ్ళలు మళ్ళీ అతికిస్తాను. ఉగాదికి మాత్రం తీగలు తీయడం కుదరదు.

అరుంధతి

ఆర్.కె. పురం, 13-2-95

డాక్టర్ గారికి,

మా ఇంట్లో ఒకటే బీరువా.

బిళ్ళ దొరికింది. చేగోడీల డబ్బాలో ఉంది. కంటికి కాదు, పంటికి దొరికింది. నా ముందు పన్ను సగం విరిగి నాలుకని కోస్తోంది. అమ్మాయే శనగగింజంత మైనం అద్దింది. అద్దుతూ నా నోట్లోకి చూసి చూసి, పడీ పడీ నవ్వింది. తీగలన్నీ కనబడేలా అది నవ్వి ఏడాదైంది. నాకు కోపం రావలసింది, రాలేదు. ‘నాన్నా, ఆధా దాంత్‌తో నువ్వు రాజువైతే, తీగలతో నేను యువరాణి. డన్!’ అంది.

కనుక తీగల సంగతి మీ వీలు. ముందు నా పన్ను సంగతి చూడండి.

భవదీయుడు,
కేశవరావు

తా.క.: తాళంచెవి ఇంకా దాని దగ్గరే ఉంది. రెండు చేగోడీలకి దరఖాస్తు పెట్టాను. హిందీలో రాయమని తిప్పి పంపింది.