తుపాకి మందుకు కొసరు వద్దు

బెంగుళూరు నుంచి

నాయనకు, అమ్మకు మీ కొడుకు కాశయ్య దండాలు పెట్టి రాస్తున్నాను. నేను ఇక్కడ బాగున్నాను. మీరిద్దరూ, చెల్లెలు గురవమ్మ, జేజి, గొడ్డూగోదా అందరూ బాగున్నారని తలుస్తాను. జేజి దగ్గు తగ్గిందా? తగ్గకపోతే కషాయం వద్దన్నా ఊరుకోకండి, ముక్కు పట్టుకుని తాగించండి.

ఇక్కడ నెలరోజులుగా ఒకటే ముసురు. వాన కోసం మొగులు చూసి చూసి మెడలు పట్టేసిన గిద్దలూరు వైపు వాళ్ళం మనం. ఇక్కడేమో ఉతికిన పంచె మూడు రోజులైనా ఆరదు. తిండికి లోటు లేదు. రాగిముద్ద పెడతారు గానీ చారులో బెల్లం వేస్తారు. మొదట్లో తినేటప్పుడు కళ్ళ నీళ్ళు వచ్చేవి, కారానికి కాదు, కారం లేక. ఇప్పుడు అలవాటైంది. నేను బాగానే తింటున్నాను, అమ్మ దిగులు పడవద్దు. మన వైపు మాట అంటే మాత్రం చెవి కోసుకుంటున్నాను.

మనకు రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి మా తుపాకుల దుకాణం కరీం మేస్త్రీ నన్ను "రాజధాని జిల్లావాడు" అని పిలుస్తున్నాడు. దుకాణానికి వచ్చినవాళ్ళు కర్నూలు ఎలా ఉంటుందని అడుగుతారు. నేను ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. అయినా బ్రహ్మాండంగా ఉంటుందని చెప్పేస్తున్నాను.

పని ఆ తుపాకుల దుకాణంలోనే, వెనక గదిలో మేస్త్రీ దగ్గర. ఓడల్లో వచ్చే సీమ తూటాలు ఇప్పుడు సరిగా రావడం లేదు. అందుకని షికారు చేసేవాళ్ళు కాలిన తూటాల ఇత్తడి గొట్టాలు తెచ్చి ఇస్తారు. వాటిని శుభ్రం చేసి, కొత్త మందు పోసి, కొత్త గుండు బిగించి తిరిగి ఇస్తాం. మందు తూచేది కంసాలి త్రాసు లాంటిదాంట్లో. ఊపిరి తగిలినా ఊగుతుంది.

పోయిన నెల ఒక కాఫీ తోట యజమాని వచ్చాడు. ఆయన తుపాకి, మూతిలోంచి మందు దట్టించే మన తుపాకి లాంటిది కాదు. ఒకసారి పేలిస్తే కాలిన గొట్టాన్ని తానే బయటికి విసిరేసి, ఇంకో తూటాను తానే ఎక్కించుకుంటుంది. తోటలో పందులను కొట్టాలి, కానీ మంచం పట్టిన తల్లి ఆ చప్పుడుకు అదిరిపడుతోంది. చప్పుడు తక్కువగా ఉండే తూటాలు చేసి పెట్టమని వచ్చాడు.

గుండు చప్పుడు కంటే వేగంగా పోతే గాలిలో కొరడా ఝళిపించినట్టు పగులుతుందట. మెల్లగా పోతే ఆ పగులు ఉండదట. అందుకు మందు తగ్గించాలి. మరీ తగ్గిస్తే ఈ తుపాకికి గొట్టం విసిరే బలం చాలదు, మధ్యలోనే ఇరుక్కుంటుంది. అటూ ఇటూ కాని ఆ ఒక్క కొలత కోసం మేస్త్రీ వారం రోజులు పెరట్లో మట్టిదిబ్బకు పేల్చి చూశాడు. చివరికి దొరికింది. యాభై తూటాలకు అదే కొలత పొయ్యమని నాకు అప్పజెప్పి నమాజుకు వెళ్ళాడు.

నేను పోశాను. జొన్నలు కొలిచినట్టు పోశాను నాయనా! త్రాసు సరిగ్గా నిలిచాక పైన చిటికెడు. ప్రతి దానికీ అంతే. నాకు తెలియకుండానే చెయ్యి పోయింది. "కొలత మీద పిడికెడు కొసరు ఎయ్యకపోతే ఏం బాగుంటాదిరా, మనుషులు నవ్వరా?" అని కళ్ళంలో మీరు చెప్పి చెప్పి నేర్పిన చెయ్యి కదా.

యజమాని వచ్చిన రోజు మేస్త్రీ ఒకటి పేల్చి చూపించాడు. ఢామ్మని పగిలింది. తుపాకి మేస్త్రీ భుజాన్ని ఎగదన్నింది. మేస్త్రీ వెంటనే నాలుగు తూటాలు విప్పి తూచాడు. నాలుగూ ఎక్కువే.

"ఎవరు పోసినారు ఇవి?"

"నేనే మేస్త్రీ."

"చెప్పినదానికన్నా ఎక్కువ ఎందుకు పోసినావు?"

"కొసరు," అన్నాను.

తోట యజమాని కన్నడంలో గట్టిగా అరిచాడు. నన్ను వెళ్ళగొట్టమంటున్నాడని అర్థమైంది. ఆ సాయంత్రానికే మూట కట్టుకోవాల్సి వస్తుందనుకున్నాను. మేస్త్రీ తన ఎడమ చెయ్యి నా ముందు పెట్టాడు. దానికి రెండు వేళ్ళు లేవు. ఎవరో మందు ఎక్కువ పోసిన తూటా పేల్చి పోగొట్టుకున్నాడట.

"జొన్నలకి కొసరు ఏస్తే పుణ్యం కాశయ్యా. దీనికి ఏస్తే పేల్చినోడి కళ్ళు పోతాయి. పోసినోడికి ఏమీ కాదు, చూడు, అదీ పాపం," అన్నాడు. తర్వాత యజమాని వైపు తిరిగి, "అడగంగానే నేనే అన్నాడు గదా సార్. దాచేటోడైతే నేనే పంపిస్తును," అన్నాడు.

మిగిలినవన్నీ విప్పి రెండు రోజులు మళ్ళీ తూచాం. నేను తూచింది మేస్త్రీ ఇంకోసారి తూచాడు. ఈసారి పేలిస్తే తలుపు వేసినంత చప్పుడే వచ్చింది. గొట్టం టింగుమని ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది. యజమాని వరుసగా ఐదు పేల్చి నా వీపు తట్టి వెళ్ళాడు. వచ్చే నెల నుంచి త్రాసు నాకే వదిలేస్తానని మేస్త్రీ మాట ఇచ్చాడు. ఇక్కడ నిలదొక్కుకుంటానని నాకు ఇప్పుడు ధైర్యం వచ్చింది.

గురవమ్మా, ఇక్కడి నుంచి నాయన గొడ్ల వంక పెట్టుకుని లేచిపోకుండా కూర్చోబెట్టి చదువు.

నాయనా, వేరుసెనగ కాయ ఊరే రోజులు వస్తున్నాయి. పందులు దిగుతాయి, మీరు తుపాకి తీసుకుని మంచె ఎక్కుతారు. అరచేతిలో మందు పోసుకుని, "పంది మొండిది, ఇంకొంచెం పడనీ" అని మీరు చిటికెడు కలపడం చూస్తూ పెరిగాను. పోయిన ఏడు కనుబొమలు కాలినప్పుడు, "ఏందిరా అట్ల చూస్తావు, మళ్ళీ మొలుస్తాయిలే" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే భయం వేస్తోంది.

పలకల లోడుతో వచ్చిన మార్కాపురం సుబ్బయ్య మామ తిరిగి వస్తున్నాడు. మన తుపాకి సంగతంతా చెబితే మేస్త్రీ తానే ఒక ఇత్తడి కొలత చేసి ఇచ్చాడు. మామ చేతికి ఇచ్చి పంపుతున్నాను. ముందు తుపాకి గొట్టంలో పగుళ్ళున్నాయేమో తెలిసినవాళ్ళకు చూపించండి. తర్వాత ఈ కొలతకు సమంగా పోసి, పైన ఉన్నది వేలితో తుడిచేయండి. మామ మళ్ళీ లోడుతో వచ్చేటప్పుడు అమ్మ చేత్తో చేసిన గోంగూర పచ్చడి, కాస్త ఎండుకారం పంపండి. పెదనాయనకు, జేజికి నా దండాలు.

మీకు చెప్పేంతవాణ్ణి కాదు. కూర్చోమంటే కూర్చున్నాను, బెంగుళూరు పొమ్మంటే వచ్చాను. మీ మాట కాదనడం ఇదే మొదలు. పందులు చేనంతా తింటే తిననివ్వండి. నా మీద కోపం వస్తే సుబ్బయ్య మామతో నాలుగు తిట్లు పంపండి. నాకు ఆ తిట్టే మనిషి కావాలి.

మీ దీవెన కోసం చూసే కొడుకు,
కాశయ్య