తేదీ మార్చిన రిపోర్టు

వెండెల్,

నన్ను తిట్టు, కానీ మెయిలింగ్ లిస్టులో మాత్రం చెప్పకు. మన యూనిక్స్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లు ఈ పాత వర్క్‌స్టేషన్ కంప్యూటర్లకి ఇకముందూ రావాలంటే, కనీసం రెండైనా నడుస్తున్నట్టు, ఆన్ చేయగానే మెషీన్ రాసిచ్చే బూట్ రిపోర్టులు ఏటా ప్రాజెక్టు వాళ్లకి పంపాలి కదా. జనవరిలో, ఇక్కడ సస్కటూన్‌లో మా ఇంటి బేస్‌మెంట్లో, నా మెషీన్ కాలిపోయింది. "నీది పోతే నాదొక్కటే మిగులుద్దిరా, ఇక మనల్ని తీసి అవతల పారేస్తారు" అని నువ్వన్న మాట గుర్తొచ్చి, నిరుటి రిపోర్టుకే తేదీ మార్చి పంపాను. నీ దగ్గర ఒప్పేసుకుందామని ఇవాళ మన ఇద్దరి రిపోర్టులూ తీశాను. నీదాంట్లోనూ తేదీ ఒక్కటే కొత్తది. రోజూ మారాల్సిన డిస్కు ఖాళీతో సహా తక్కినదంతా నిరుటిదే.

నీది ఎప్పుడు పోయిందిరా?